ఆఖరి చుట్టులో నాన్న కేక

మా తమ్ముడు పరుగుపందెంలో ఓడిపోయిన సంగతి భిలాయిలో తెలుగువాళ్లందరికీ తెలుసు. ఎలా ఓడాడో కూడా తెలుసు. పెళ్లి భోజనాల్లో, సంఘం మీటింగుల్లో చెప్పుకుని పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతారు. నేను పక్కనే ఉన్నానని కూడా చూడరు. నాకు ఒళ్లు మండిపోతుంది, నవ్వేవాళ్ల పళ్లు రాలగొట్టాలనిపిస్తుంది. కానీ ఆ లెక్కన ముందు మా నాన్న పళ్లే రాలగొట్టాలి. ఆ కథని నవ్వులాటగా మార్చి ఊరంతా పంచింది ఆయనే. నవ్వకుండా చెప్పేవాళ్లు ఒక్కరైనా ఉండాలి కదా, అందుకే నేను చెబుతున్నాను.

మాది ఛత్తీస్‌గఢ్‌లో భిలాయి పక్కనున్న చరోదా రైల్వే కాలనీ. నాన్న యార్డులో షంటింగు పని చేసేవాడు. గూడ్సు పెట్టెల్ని ఒక లైను మీంచి ఇంకో లైనుకి మళ్లించడం, తగిలించడం, విడదీయడం, దూరంగా ఇంజనులో ఉన్న డ్రైవరుకి చేతులతో సైగలు చేయడం. ఆ పెట్టెల చప్పుడులో అరిచీ అరిచీ ఆయనకి మెల్లగా మాట్లాడటం రాకుండా పోయింది. అన్నంలోకి ఉప్పు అడిగినా పక్క క్వార్టరుకి వినపడేది. శ్రీకాకుళం దగ్గర పల్లె నుంచి ఉద్యోగానికొచ్చి ఇన్నేళ్లయినా ఆయన కోపం, సంతోషం, కంగారు అన్నీ తెలుగులోనే. హిందీ ఆయనకి యూనిఫారం. డ్యూటీకి తొడుక్కునేవాడు, ఇంటికి రాగానే విప్పేసేవాడు.

తమ్ముడు ఇక్కడే పుట్టాడు. నన్ను మాత్రం పదో తరగతి దాకా విజయనగరంలో అమ్మమ్మ దగ్గర ఉంచి చదివించారు, కాబట్టి నాకు తెలుగు చదవడం, రాయడం వచ్చింది. సెలవులకి వచ్చినప్పుడల్లా చూసేదాన్ని, వీడి నోట్లో తెలుగు అంతకంతకీ తగ్గిపోతూ ఉండేది. అర్థమయ్యేది గానీ తిరిగి పలికేవాడు కాదు. నన్ను దీదీ అనేవాడు. నాన్న తెలుగులో తిడితే వీడు హిందీలో జవాబు చెప్పేవాడు, మధ్యలో అమ్మ రెండూ కలిపి ఇద్దరినీ ఊరుకోమనేది. మా కాలనీలో సగం ఇళ్లు ఇలాగే ఉండేవి, ఎవరికీ వింతగా అనిపించేది కాదు.

వాడు పరిగెత్తగలడని మొదట కనిపెట్టింది స్కూల్లో డ్రిల్లు మాస్టారు. ఆయన తీసుకెళ్లి సెక్టర్ 2 వైపు మైదానంలో ఒక కోచ్‌కి అప్పగించాడు. ఆ కోచ్ ఛత్తీస్‌గఢ్ మనిషి, చేతిలో ఎప్పుడూ ఒక వెదురు బెత్తం ఉండేది. జాలి అనే మాట ఆయన పుట్టిన ఇంట్లో ఎవరూ పలికి ఉండరు. ఒకసారి జ్వరంతో పరిగెడుతూ మా వాడు ట్రాక్ పక్కన కక్కుకుంటే, దగ్గరికొచ్చి చూసి, "ఉల్టీ హో గయీ? అచ్ఛా హువా. అబ్ హల్కా హో గయా, దౌడ్" అన్నాడట. కక్కేశావు, మంచిదే, ఒళ్లు తేలికైంది, పరిగెత్తు అని. ఇంటికొచ్చి చెప్పుకుంటే మా నాన్న ఏమన్నాడనుకున్నారు? "ఆడే సరైనోడు. ఆడి కాడే ఉండు" అన్నాడు. నాకు ఆ రోజు ఇద్దరినీ కలిపి ఒక పెట్టెలో వేసి తాళం పెట్టాలనిపించింది.

కోచ్ కేక ఒక్కటే ఉండేది, ఆగే, ఆగే. హిందీలో ఆగే అంటే ముందుకి. పొద్దున్న నుంచి ఎండెక్కేదాకా ఆ మైదానంలో అదే మాట మోగేది. వెనకబడినవాడి మడమల మీద బెత్తం పడేది, వెనకాలే ఆగే అని కేక పడేది.

తమ్ముడు పరిగెత్తేది పదిహేను వందల మీటర్లు. మైదానం చుట్టూ నాలుగు చుట్లకి కాస్త తక్కువ. ఆఖరి చుట్టు మొదలవగానే గంట కొడతారు. మా వాడి కాళ్లలో ఒక దూకుడు ఉండేది, అది వదిలాడంటే పక్కవాళ్లు నిలబడిపోయినట్టు కనిపించేవారు. కాకపోతే అది సగం చుట్టుకే సరిపోయే దూకుడు. గంట కొట్టగానే వదిలేస్తే గీత చేరకుండానే అయిపోతుంది. గంట కొట్టాక కూడా పళ్లు బిగబట్టి, మిగతావాళ్లని ముందు పోనిచ్చి, ఆఖరి మలుపు దగ్గర మాత్రమే వదలాలి. కోచ్ నేర్పిన సూత్రం ఇదొక్కటే. నాన్న డ్యూటీ దిగి మైదానానికి పోయి గోడ దగ్గర నిలబడి వినీ వినీ అది తనే కనిపెట్టినట్టు మాట్లాడేవాడు. వీడు కంచం ముందు కూర్చుంటే చాలు, మొదలెట్టేవాడు.

"ఒరే, గంట కొట్టగానే ఎగబడిపోకు. ఆగాల. మలుపు దాకా ఆగాల. ఇన్నావేటి?"

"హా, పతా హై" అనేవాడు వీడు, తెలుసులే అన్నట్టు, తల ఎత్తకుండా.

ఆ ఏడు మన దేశంలోనే అంతర్జాతీయ జూనియర్ పోటీలు జరిగాయి. రాత్రి రైలెక్కితే పొద్దుటికి దిగే ఊరు. తమ్ముడు ఎంపికయ్యాడు. జూనియర్లలో పరిగెత్తడానికి వాడి వయసుకి అదే ఆఖరి అవకాశం. మొదటి ముగ్గురిలో ఒకడిగా వచ్చినా రైల్వేలో స్పోర్ట్స్ కోటా కింద ఉద్యోగం ఖాయమని నాన్న పైఆఫీసరు ఒకాయన చెప్పాడు. అప్పటికి నాన్న రిటైర్మెంటు దగ్గరపడింది. రిటైరైతే క్వార్టరు ఖాళీ చేయాలి. వీడికి చదువు అంతంత మాత్రం, పరుగు తప్ప ఇంకో దారి లేదు. అదొక్క పతకం వస్తే వీడి బతుకు ఒడ్డున పడుతుంది, లేకపోతే లేదు. ఈ మాట ఇంట్లో ఎవరూ పైకి అనలేదు గానీ, ఆ నెలంతా అమ్మ వీడికి పెరుగు గిన్నె నిండా పోసేది, నాన్న తన వంతు గుడ్డు తీసి వీడి కంచంలో వేసేవాడు.

కోచ్‌కి లోపలికి పోవడానికి పాసు దొరకలేదు, జట్టుకి వేరే కోచ్‌లు ఉంటారన్నారు. నాన్న, నేను వెళ్లాం. వెనక నీడలో కుర్చీలు ఖాళీగా ఉన్నా నాన్న ఒప్పుకోలేదు.

"ముందు వరసలో కూకుందాం. ఆడికి నా గొంతు ఇనపడాల" అన్నాడు.

ఇనపకంచెకి ఆనుకుని, గంట కట్టిన చోటుకి ఎదురుగా, మాడు పగిలే ఎండలో కూర్చున్నాం. ఎంత మంచి చోటు దొరికిందో అని మురిసిపోయాం కూడా.

పందెం మొదలైంది. ఎవడూ ముందుకి పోవడానికి ఇష్టపడక అందరూ ముద్దగా కలిసి పరిగెత్తారు. మోచేతులతో పొడుచుకున్నారు. రెండో చుట్టులో ఎవరో విదేశీ కుర్రాడు కింద పడ్డాడు. వెనకవాళ్లు వాడి చేతి మీంచి, వీపు మీంచి మేకుల బూట్లతోనే దాటిపోయారు, ఒక్కడూ వెనక్కి చూడలేదు. మా వాడు వాడి మీంచి దూకి పోయాడు. నేను కళ్లు మూసుకున్నాను, నాన్న మాత్రం "అద్గదీ!" అన్నాడు. మూడో చుట్టు అయ్యేసరికి తమ్ముడు ఐదో చోట, లోపలి అంచున, రొప్పకుండా హాయిగా పరిగెడుతున్నాడు. కోచ్ చెప్పింది చెప్పినట్టు చేస్తున్నాడు. నాకు ధైర్యం వచ్చింది.

గంట కొట్టారు. ముందున్న నలుగురూ జోరు పెంచారు. స్టేడియమంతా లేచి నిలబడింది. మా ముందుకి వస్తుండగా తమ్ముడి భుజాలు కాస్త లేచాయి. నాకేమీ తెలియలేదు గానీ నాన్నకి తెలిసిపోయింది, వీడు కంగారుపడి వదిలేయబోతున్నాడని. ఒక్క గెంతున లేచాడు. రెండు చేతులూ నిటారుగా తల మీదికి ఎత్తాడు, అరచేతులు విప్పి. యార్డులో పగటిపూట చేతిలో జెండా లేకపోతే చేసే సైగ అది. ఉన్నచోట నిలబడిపో అని అర్థం. ఆ సైగ చూసి ఇంజన్లు ఆగేవి. ఆపైన గొంతు.

"ఆగు! ఆగెహె! ఆగెహె!"

వాడికి ఆ మాట తెలియక కాదు. పుట్టినప్పటి నుంచీ పట్టాల దగ్గరికి పోతే ఆగు, సైకిలెక్కితే ఆగు అని వింటూనే పెరిగాడు. కానీ మైదానంలో వాడి చెవులు హిందీ చెవులు. ఎన్నేళ్ల నుంచో పరిగెడుతూ ఉండగా వినపడేది ఆగే అన్న కేకే. ఆ హోరులో మాట చివర ఎవడికి వినపడుతుంది? పైగా మా చుట్టూ ఉన్న జనం కూడా చేతులు పైకెత్తే అరుస్తున్నారు. వాడు తల తిప్పి చూశాడు. నాన్న చేతులు చూశాడు, కేక విన్నాడు. వాడి ముఖం చేటంతయింది. పరిగెడుతూ పరిగెడుతూ నవ్వాడు. పుట్టి బుద్ధెరిగాక నాన్న మొదటిసారి ముందుకి పొమ్మంటున్నాడని వాడి నవ్వు. ఆ నవ్వు నేను చూశాను, నా ఖర్మ.

వదిలేశాడు.

ఏం చెప్పను, అంత అందంగా ఎవరైనా పరిగెత్తడం నేను అంతకుముందు చూడలేదు. మలుపు తిరిగేలోపే నలుగురినీ దాటేశాడు. అవతలి వైపు చేరేసరికి వాడొక్కడే ముందు, మిగతావాళ్లు ఎక్కడో వెనక. పక్కన ఎవరో సర్దార్జీ నాన్న వీపు మీద చరిచి "ఆప్కా లడ్కా హై క్యా?" అని అడిగాడు, మీ అబ్బాయా అని. నాన్నకి వినపడలేదు. ఎత్తిన చేతులు దించలేదు. అవతలి వైపు నుంచి కూడా కనపడాలని కుర్చీ మీదికి ఎక్కి ఆగెహె, ఆగెహె అని గొంతు చీలిపోయేలా అరుస్తూనే ఉన్నాడు. ఈయన ఎంత అరిస్తే వాడు అంత వేగంగా పోతున్నాడు. నేను నాన్న చొక్కా పట్టుకుని లాగాను. విదిలించుకున్నాడు.

ఆఖరి మలుపు దగ్గర వాడి కాళ్లు అయిపోయాయి. ఎక్కడైతే మొదలెట్టాలో సరిగ్గా అక్కడ. తల వెనక్కి వాలిపోయింది, చేతులు నీళ్లలో ఈదుతున్నట్టు కొట్టుకున్నాయి. ఒకడు దాటాడు. ఇంకొకడు దాటాడు. మూడో చోటు ఇంకా వాడిదే, మూడో చోటు చాలు, అదొక్కటి చాలు. గీత ముందు ఎవడో గుండె ముందుకి వంచి పడ్డాడు. అంతే, మా వాడు నాలుగు. ఐదో ఆరో వచ్చినా నాకు ఇంత కడుపు మండేది కాదు. గీత దాటి మోకాళ్ల మీద పడి కక్కుకుంటున్న వాణ్ని ఇద్దరు మనుషులు రెక్కలు పట్టుకుని పక్కకి ఈడ్చేశారు. తరవాతి పందేనికి హర్డిల్సు పెట్టాలి మరి.

బయట గేటు దగ్గర చాలాసేపు నిలబడ్డాం. బూట్లు చేత్తో పట్టుకుని కుంటుకుంటూ వచ్చాడు. వచ్చీ రాగానే నాన్న చెంప మీద కొట్టాడు. దారిన పోయేవాళ్లు ఆగి చూశారు, వాడి జట్టువాళ్లు కూడా చూశారు.

"ఆగమని గొంతు సించుకుంతే ఆగవేటిరా ఎదవా! బతుకు బుగ్గి సేసీసినావు కదరా!"

వాడు చెంప పట్టుకుని, "ఆప్ హీ తో చిల్లా రహే థే. ఆగే, ఆగే!" అన్నాడు. మీరే కదా అరిచారు అని.

"ఏటంతన్నాడు ఈడు?" అని నాన్న నన్నడిగాడు. అర్థంకాక కాదు, నమ్మలేక.

విప్పి చెప్పాల్సిన పని నాకు పడింది. నువ్వు ఆగమన్నావు నాన్నా, వాడికి ఆగే అని వినపడింది, పొమ్మంటున్నావనుకున్నాడు అని చెప్పాను. తమ్ముడికి అదే హిందీలో చెప్పాను. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆ క్షణంలో నాన్న వాడి భుజం మీద చెయ్యి వేసుంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. వెయ్యలేదు. ముఖం చిట్లించి, "కన్నతండ్రి మాట తెలీనోడికి పరుగెందుకు? తెలుగు రాని ఎదవ" అన్నాడు. ఇంటికొచ్చాక అమ్మ మీద పడ్డాడు, కొడుక్కి తెలుగు నేర్పలేదని. "నువ్వెప్పుడు ఇంటికాడుండి నేర్పినావు?" అని అమ్మ ఒంటికాలి మీద లేచింది. తమ్ముడు లోపల గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

కోచ్ వాడి వంక చూడటం మానేశాడు. దేవుడు చెవులిచ్చాడు గానీ బుర్ర ఇవ్వలేదని చిన్నపిల్లల ముందు హిందీలో అని వేరేవాళ్ల వైపు తిరిగాడు. మైదానంలో పిల్లలు వీడు కనిపిస్తే చాలు ఆగే, ఆగే అని చప్పట్లు కొట్టేవారు. వాళ్లంటే పిల్లలు, పోనీ అనుకోవచ్చు. యార్డులో నాన్నని మీ కొడుకు ఏమయ్యాడండీ అని అడిగేవారు. మొదట్లో తల దించుకున్నాడు. తరవాత ఒకసారి నవ్వుతూ చెప్పి చూశాడు. అందరూ పగలబడి నవ్వారు, తప్పు ఎవరిదని ఎవరూ అడగలేదు. అబ్బో, ఇక పట్టపగ్గాలు లేవు.

సెక్టర్ 2లో మా వాళ్ల పెళ్లి ఒకటి జరిగింది. భోజనాల దగ్గర ఎవరో అడిగారు, నాన్న లేచి నిలబడి మొత్తం ఆడి చూపించాడు. చేతులెత్తాడు. "నానేమో ఆగెహె అంతన్నాను, మావోడేమో మా నాన్న ఆగే అంతన్నాడనుకోని..." అంటూ నాలుక బయటపెట్టి రొప్పుతూ తమ్ముడి పరుగు కూడా పరిగెత్తాడు. హాలంతా ఒకటే నవ్వు. తమ్ముడు అదే బంతిలో కూర్చుని ఉన్నాడు, ముద్ద చేతిలోనే ఉంది. తరవాతి బంతి కోసం వెనక నిలబడి ఉన్న మామ వరస ఆయన ఒకాయన వాడి భుజం తట్టి, "లేరా అల్లుడా, ఇంకెంతసేపు కూకుంతావు, ఆగే ఆగే!" అన్నాడు. మళ్లీ నవ్వు. వాడు విస్తరి ముందు నుంచి లేచాడు, చెయ్యి కడుక్కున్నాడు, బయటికి వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున్న నాన్న, "టిఫినీ తిన్నావేటిరా?" అని అడిగాడు.

"సమజ్ నహీ ఆయా. హిందీ మే బోలియే" అన్నాడు తమ్ముడు. అర్థం కాలేదు, హిందీలో చెప్పండి.

నాన్న నవ్వులాట అనుకున్నాడు. కాదు. అమ్మ తెలుగు వాడికి అర్థమయ్యేది, నా తెలుగు అర్థమయ్యేది, నాన్నది మాత్రం ఒక్క ముక్క కూడా అర్థం కాకుండా పోయింది. ఎన్నిసార్లు అడిగినా అదే జవాబు, కోపం లేకుండా, మర్యాదగా. నాన్న తిట్టాడు, బతిమాలాడు, ఒకసారి కంచం విసిరాడు. చివరికి హిందీలోకి దిగాడు. ఆయనది యార్డు హిందీ. లాగు, వదులు, తగిలించు, పక్కకి జరుగు, అంతే. ఆ హిందీతో కొడుకుతో ఏం మాట్లాడతాడు పాపం? మాట్లాడుకోవడమే పోయింది. పాపం అంటున్నాను గానీ, ఆ పెళ్లి గుర్తొస్తే నాకూ మంట ఆగదు.

నాన్న రిటైరయ్యాడు. వైశాలి నగర్‌లో రెండు గదులు అద్దెకి తీసుకున్నారు. తమ్ముడు పెద్దవాళ్ల పోటీల్లో పరిగెత్తి చూశాడు, ఎక్కడా నెగ్గలేదు. గంట కొడితే వదలాలో వద్దో తెలియక కాళ్లు బిగుసుకుపోతున్నాయి దీదీ అని ఒక్కసారి నాతో అన్నాడు. కోటా ఉద్యోగానికి వయసు దాటిపోయింది. ఉక్కు ప్లాంటులో కాంట్రాక్టరు కింద, ఇక్కడ ఠేకాదారు అంటారు, కూలిపని దొరికింది. స్కేలు లేదు, క్వార్టరు లేదు, రేపు ఉంటుందో లేదో తెలియదు.

మొదటి షిఫ్టుకి పోయే రోజు నేను పుట్టింట్లోనే ఉన్నాను. వాడు మెడలో గేటుపాసు వేసుకుని, పసుపుపచ్చ హెల్మెట్ పెట్టుకుని బండి బయటికి తీశాడు. నాన్న అప్పటికే గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. మనిషి బాగా తగ్గిపోయాడు. గొంతు కూడా తగ్గింది, జీవితంలో మొదటిసారి ఆయన మెల్లగా మాట్లాడటం విన్నాను.

"ఒరే... తప్పు నాదిరా. ఆ రోజు..."

"హిందీ మే బోలియే" అన్నాడు తమ్ముడు, హెల్మెట్ పట్టీ బిగించుకుంటూ.

నాన్న నా వంక చూశాడు. నేను నోరు తెరిచాను, నేనే చెబుదామని.

"దీదీ, తుమ్ నహీ" అన్నాడు వాడు. నువ్వు వద్దు.

నాన్న హిందీ మాట కోసం చాలాసేపు వెతుక్కున్నాడు. "గల్తీ... గల్తీ హమారా థా" అన్నాడు.

గల్తీ అంటే తప్పు. హిందీలో అది ఆడమాట, హమారీ థీ అనాలి. మన పెద్దవాళ్లు ఎవరూ సరిగ్గా అనరు, అన్నీ మగమాటలే చేసేస్తారు, వాళ్లని ఎవరూ తప్పు పట్టరు.

"హమారీ థీ" అన్నాడు తమ్ముడు. "ఫిర్ సే బోలియే."

మళ్లీ చెప్పమన్నాడు. పాలవాడు సైకిలు ఆపి చూస్తున్నాడు. ఎదురింటి ఆవిడ ముగ్గు మధ్యలో తల ఎత్తింది.

"హమారీ... థీ."

"పూరా" అన్నాడు. మొత్తం చెప్పమని.

నాన్న చేతులు రెండూ పక్కకి పెట్టుకుని, ఒకటో తరగతి పిల్లాడు నిలబడ్డట్టు నిలబడ్డాడు. "గల్తీ హమారీ థీ, బేటా" అన్నాడు.

"అబ్ సహీ హై" అన్నాడు తమ్ముడు. బండి స్టార్ట్ చేసి వెళ్లిపోయాడు.

నాన్న నా దగ్గరికి గబగబా వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. ఆయన కళ్లు తడిగా ఉన్నాయి, ముఖంలో ఆశ ఉంది. "సహీ అన్నాడు కదే అమ్మా? సహీ అంతే నా తప్పు ఒగ్గీసినట్టేనా? నన్ను సెమించీసినాడేటి?" అన్నాడు.

"లేదు నాన్నా" అన్నాను. "మాట సరిగ్గా పలికావన్నాడు."